యాభై రెండు సెకన్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరమూ ఒకే కారు కోసం పనిచేశాం, రెండు వేరే వేరే కంపెనీల్లో.

నాది పెనుకొండ దగ్గర సీటు కవర్లు కుట్టే కంపెనీ. పక్కనున్న కార్ల ఫ్యాక్టరీకి ఐదేళ్లుగా కవర్లన్నీ మేమే కుట్టి పంపుతున్నాం. తొమ్మిది మంది ఆడవాళ్ల లైనుకు నేను లీడరును. నా మొగుడు వీరేష్ హిందూపురం పక్కన తూముకుంటలో కొత్తగా పెట్టిన కంపెనీలో చేరి అప్పటికి ఏడాది. వాళ్లు కుట్టేదీ సీటు కవర్లే. ఏ పనికి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచ్ పట్టుకుని చూసి, లైనుకు ఎంతమంది కావాలో తేల్చడం అతని ఉద్యోగం. పొద్దున్నే నా బస్సు ఒక దిక్కు, అతని బస్సు ఒక దిక్కు. మా అత్త ఉలిగమ్మ రొళ్లలో గొర్రెల్ని చిన్న కొడుక్కి అప్పగించి, మా కూతురు రేష్మను చూసుకోవడానికి వచ్చి మా దగ్గర ఉండేది.

అప్పటిదాకా రెండు కంపెనీల సంగతీ మాకు సరదాగానే ఉండేది. ఎవరి క్యాంటీన్లో చిత్రాన్నం బాగుంటుందని వాదులాడుకునేవాళ్లం. మార్చి మొదటి వారంలో హాన్ సార్ మీటింగు పెట్టాక ఆ సరదా పోయింది.

హాన్ సార్ మా మేనేజరు. కొరియా ఆయన. ఇంగ్లీషులో మొదలుపెట్టి, వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ కలిపి, చేతులతో చూపిస్తూ మాట్లాడతాడు. ఆరోజు మిషన్లన్నీ ఆపించి మా మధ్యలో నిలబడ్డాడు. చైనా కంపెనీలు కరెంటు కార్లను దేశదేశాల్లో చవగ్గా అమ్ముతున్నాయనీ, బ్యాటరీ నుంచి బోల్టు దాకా వాళ్లే చేసుకుంటారు కాబట్టి వాళ్ల ధరను ఎవరూ అందుకోలేకపోతున్నారనీ చెప్పాడు. వాళ్లకు పోటీగా మన పక్క ఫ్యాక్టరీ ఒక చిన్న కరెంటు కారు తెస్తోంది. సగానికి పైగా ఓడలెక్కి బయటికే పోతాయి. ఆ కారు చవగ్గా రావాలంటే అందులోకి వెళ్లే ప్రతి వస్తువూ చవగ్గా రావాలి. అందుకని దేన్నీ ఒక్క కంపెనీ చేతిలోనే పెట్టరట. ఇద్దరిని పోటీకి నిలబెట్టి, ఎవరు తక్కువలో చేస్తే వాళ్లకు ఎక్కువ ఇస్తారట. సీటు కవర్లకు ఆ రెండో కంపెనీ ఏదో కూడా చెప్పాడు.

తూముకుంట పేరు వినగానే లైనంతా నా వైపు తిరిగింది. బుక్కపట్నం నుంచి వచ్చే గంగులమ్మ ఒక్కతే తల వంచుకుని బాబిన్ మార్చుకుంటూ కూర్చుంది. లైనులో అందరికన్నా పెద్దది ఆమె. మొగుడు పోయాక ఈ పనిలో చేరింది. ఏ కంపెనీ వాళ్లు ఎవరితో పోటీ పడినా, మనిషిని తీసేయాల్సి వస్తే మొదట ఎవర్ని తీసేస్తారో ఆమెకు తెలుసు.

కొత్త కారు డ్రైవరు సీటుకు రెండు పక్కలా ఉబ్బెత్తు అంచు ఉంటుంది. అక్కడ లోపలికి వంగే ముక్కనూ బయటికి వంగే ముక్కనూ కలిపి కుట్టాలి. గుడ్డ మందం. మిషన్ను మూడుసార్లు ఆపి, గుడ్డను నొక్కిపట్టే పాదం ఎత్తి, గుడ్డ తిప్పి, మళ్లీ దించాలి. లేకపోతే ముడతలు పడతాయి. అరవై ఎనిమిది సెకన్లు పట్టేది. మిగతా కుట్లన్నీ ఎవరైనా ఒకటే వేగంతో వేస్తారు, గెలుపైనా ఓటమైనా ఈ ఒక్క వంపులోనే ఉందన్నాడు హాన్ సార్.

ఆ మాట నా నెత్తిన కూర్చుంది. ఇంట్లో ఏ పని చేస్తున్నా లోపల సెకన్లు నడిచేవి. బిందె నిండడానికి ఇరవై ఆరు. రేష్మ జడకు తొంభై. వీరేష్ స్నానానికి వెళ్లి వచ్చేదాకా కూడా లెక్కపెట్టేదాన్ని. అతనూ అట్లాగే ఉన్నాడు. ఫోను మోగితే వాకిట్లోకి పోయి మాట్లాడేవాడు. నేను వస్తే మాట మార్చేవాడు. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం రేకుల కింద కూర్చున్నట్టే సాయంత్రం ఇంట్లోనూ కూర్చునేవాళ్లం, ఒకరి ఉక్క ఒకరికి తగులుతూ.

మా అత్త రెండు వారాలు చూసి ఒకరోజు అడిగేసింది.

"ఒక కారుకోసరం ఇద్దరూ మొగాలు మాడ్చుకోని కూచుంటిరి. ఆ కారేమన్నా మనింటికి వస్తాదా?"

మాకిద్దరికీ నవ్వు వచ్చింది. ఆ నెలలో మేము కలిసి నవ్వింది అదొక్కసారే.

హాన్ సార్‌ని అడిగి కొన్ని కత్తిరింపు ముక్కలు ఇంటికి తెచ్చుకున్నాను. ఆదివారాలు నా పాత మిషన్‌కి లావు సూది ఎక్కించి ఆ వంపు మీద పడేదాన్ని. సూదులు విరిగాయి. ఉగాది అయిన రెండో ఆదివారం పొద్దున ఎందుకో కింది ముక్కను బిగపట్టకుండా ఎడమ చేతి చిటికెన వేలితో కొద్దికొద్దిగా ముందుకు తోశాను. పై ముక్కను మాత్రం కుడిచేత్తో లాగిపట్టాను. మిషన్ ఆపకుండానే గుడ్డ దానంతటదే తిరిగింది. తీసి చూస్తే ఒక్క ముడత లేదు. ఇంకోటి కుట్టాను. ఇంకోటి. పది కుట్టినా అంతే.

టీ గ్లాసుతో వీరేష్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

నేను ఆలోచించలేదు. ఆ పని విలువ తెలిసిన మనిషి ఆ ఇంట్లో అతనొక్కడే. మా అత్తకు చూపిస్తే గుడ్డ ముక్క అంటుంది. రేష్మకు చూపిస్తే బొమ్మకు పరుపు చేయమంటుంది. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, వేలు ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు వదలాలో చూపిస్తూ మూడు ముక్కలు కుట్టాను. అతను కుట్టిన ముక్కను వెలుతురుకు పట్టి, కుట్టు మీద బొటనవేలు నడిపి చూశాడు. చాలా బాగుండాది ధనా అన్నాడు. తర్వాత టీ తాగకుండానే బయటికి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ చివర్లో రెండు కంపెనీల వాళ్లనూ కార్ల ఫ్యాక్టరీకి పిలిచారు. ఏసీ గదిలో ఒకే రకం మిషన్లు రెండు పెట్టి, ఎదురుగా ఐదారుగురు కూర్చున్నారు. తూముకుంట తరఫున చౌడక్క వచ్చింది. ఒకప్పుడు మూడేళ్లు నా పక్క మిషన్ మీద కూర్చున్న మనిషే. ఇల్లు దగ్గరవుతుందని అటు మారింది. నన్ను చూసి పాత చనువుతో నవ్వింది. ముందు ఆమెను కుట్టమన్నారు.

వంపు దగ్గరికి వచ్చేసరికి చౌడక్క ఎడమ చేతి చిటికెన వేలు గుడ్డ కిందికి వెళ్లింది.

మిషన్ ఎక్కడా ఆగలేదు. నలభై రెండు సెకన్లు అన్నారు. తర్వాత నా వంతు. కూర్చున్నాను, కుట్టాను. నలభై ఒకటి. ఎదురుగా ఉన్నవాళ్లు రెండు కవర్లనూ పక్కపక్కన పెట్టి చూసి, ఏది ఎవరిదో పోల్చలేక వెనక్కి తిప్పి చీటీలు చూసుకున్నారు. హాన్ సార్ నా భుజం తట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో నీళ్లు తాగమని రెండుసార్లు అన్నాడు. నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు.

సాయంత్రం ఇంటికి వెళితే కుళాయి వదిలారు. వీరేష్ తొట్టి నింపుతున్నాడు. చౌడక్కకు ఆ చెయ్యి ఎవరు నేర్పించారని అడిగాను. అతను అబద్ధం చెప్పలేదు. తనే చూపించానన్నాడు. ఈ ఆర్డరు రాకపోతే కొత్త లైను పెట్టేది లేదని, పెట్టకపోతే తనలాంటి వాళ్లు ఎందుకని పైవాళ్లు ముందే చెప్పారట. నీళ్లు పొంగి కాళ్ల మీదుగా పోతున్నాయి.

"నువ్వే గదా చూపించింది," అన్నాడు.

"నీకు చూపించినా. కంపెనీకి కాదు."

బడికి సెలవులిచ్చారు కాబట్టి తాత దగ్గర కొన్నాళ్లు ఉంటుందని మా అత్తతో చెప్పి, మర్నాడు రేష్మను తీసుకుని ధర్మవరం వెళ్లిపోయాను. కొడుకును ఒక చూపూ నన్ను ఒక చూపూ చూసి, మా అత్త రేష్మ సంచిలో వేయించిన శెనక్కాయలు పోసింది.

ధర్మవరంలో మా నాయన కదిరప్ప ఇంకా మగ్గం దిగలేదు. పట్టుచీరలు నేస్తాడు. రోజూ పొద్దున రైల్లో పెనుకొండకు వచ్చి, సాయంత్రం రైలుకు తిరిగి వెళ్లేదాన్ని. కిటికీ పక్కన కూర్చున్నా ఊళ్లు కనిపించేవి కాదు. చౌడక్క వేలే కనిపించేది.

ఇంతలో ఫ్యాక్టరీ నుంచి ఇంకో కబురు వచ్చింది. ఇద్దరి కుట్టూ ఒకేలా ఉంది కాబట్టి, ఆ వంపుకు ఎన్ని సెకన్లు పడుతుందో రెండు కంపెనీలూ విడివిడిగా రాసి, సీలు వేసి ఇవ్వాలి. తక్కువ రాసినవాళ్లకు నూటికి అరవై కవర్లు, రెండోవాళ్లకు నలభై. రాసిన లెక్క ప్రకారమే రోజూ సరుకు పంపాలి. పదిరోజుల గడువు. గదిలో వచ్చిన నలభై ఒకటే రాద్దామన్నాడు హాన్ సార్. వేళ్లు మడిచి చూసుకున్నాను. నలభై ఒకటైతే లైనుకు ఆరుగురు చాలు. ముగ్గురు ఇంటికి పోవాలి. మిగిలిన ఆరుగురూ ఎనిమిది గంటలూ నేను ఆ గదిలో కుట్టినట్టే కుట్టాలి.

ఇంటికి వెళ్లి మా నాయన మగ్గం పక్కన కూర్చుని అదంతా చెప్పాను. ఆయన నేస్తూనే విన్నాడు.

"చీర ఎన్నాళ్లకు దిగుతాదని అడిగితే నేను మంచిరోజుల లెక్క చెప్పను పాపా," అన్నాడు. "ముసురు పట్టి పట్టు మెత్తబడినరోజు, మీయమ్మకు జరమొచ్చినరోజు, నాకే బుద్ధి పుట్టనిరోజు, అన్నీ కలిపి చెప్తా. మంచిరోజుల లెక్క చెప్పినోడు ఒక చీరకే మాట తప్పుతాడు."

ఆ మాటతో నాకు దారి కనిపించింది. ఒక్కసారి కుట్టింది కాదు, ఒక షిఫ్టు మొత్తం ముగ్గురు కుట్టింది చూసి సగటు రాయాలి. భోజనానికి ముందు వేగమూ, మధ్యాహ్నం మూడింటికి వేళ్లు మొద్దుబారినప్పటి వేగమూ రెండూ అందులో ఉండాలి. కానీ నేనొక్కదాన్ని అట్లా రాస్తే, తూముకుంట వాళ్లు నలభై రెండు రాసి అరవై వంతులు పట్టుకుపోతారు. ఇద్దరమూ ఉన్నది ఉన్నట్టు రాస్తేనే రెండు చోట్లా మనుషులు నిలుస్తారు. అక్కడ రాసేది ఎవరో నాకు తెలుసు.

ఆ ఆదివారం అతనే ధర్మవరం వచ్చాడు, కూతుర్ని చూడాలని. మా నాయన రేష్మను తీసుకుని అంగడికి పోయాడు. నేను మగ్గం గుంత అంచున కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. షిఫ్టు మొత్తం చూసి రాయమన్నాను. నేనూ అట్లాగే రాస్తానన్నాను. తక్కువ రాయమని అక్కడ తన మీద ఎంత ఒత్తిడి ఉందో చెప్పాడు. ఆ తర్వాత అడిగాడు.

"నేను రాస్తానని నమ్ముతావా?"

"నమ్మకపోతే ఎందుకు అడుగుతా," అన్నాను.

వెళ్లేటప్పుడు వాకిట్లో చెప్పులేసుకుంటూ, సరే అన్నాడు.

హాన్ సార్‌ని ఒప్పించి, బుధవారం మా లైనులో షిఫ్టు మొత్తం చూశాం. నేను, గంగులమ్మ, ఇంకో పిల్ల స్వప్న, ముగ్గురం కుట్టాం. హాన్ సార్ స్వయంగా స్టాప్‌వాచ్ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. గంగులమ్మ చిటికెన వేలు సరిగా వంగదు. అయినా సాయంత్రానికి ఆమె కూడా ఒక దారి కనిపెట్టుకుంది, ఉంగరం వేలితో తోసింది. ముగ్గురి సగటు యాభై ఐదు వచ్చింది. యాభై ఐదైతే తొమ్మిది మందీ ఉంటారు. గంగులమ్మకు చెప్తే, చేతులు చీరకు తుడుచుకుని నా గడ్డం పట్టుకుంది.

హాన్ సార్ ఫ్యాక్టరీకి ఇవ్వాల్సిన కాగితం నా ముందు పెట్టాడు. నీ లైను సంగతి నీకే తెలుసు, అంకె నువ్వే వెయ్యి, కానీ ఆర్డరు చిన్నదైపోతే ఈ లైను సంగతి నేను చెప్పలేను అన్నాడు. అని, కావాలనే బయటికి వెళ్లాడు.

పెన్ను తీసుకున్నాను. యాభై ఐదు అని వేయడానికి ఎంతసేపు పట్టాలి? వేయలేకపోయాను. గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. ఆరోజు కూడా చాలా బాగుండాది అనే అన్నాడు. మొన్న సరే అన్నాడు. రెండు మాటలూ ఒకే గొంతు. అతను నలభై ఎనిమిది రాస్తే? యాభై రాస్తే? కనీసం దగ్గరలోనైనా ఉండాలి కదా అనుకున్నాను. మూడు సెకన్లే కదా, లైనును నేను లాక్కొస్తాను అనుకున్నాను. యాభై రెండు వేసి సంతకం పెట్టాను. హాన్ సార్ వచ్చి చూశాడు. కవరులో పెట్టి అంటించాడు.

ఆ తర్వాత మూడు వారాలు నేను మనిషిని కాదు. కూర్చున్నచోట కూర్చోలేను. రైలు ఆగక ముందే లేచి తలుపు దగ్గర నిలబడేదాన్ని. జూన్లో బడులు తెరవబోతున్నారని, రేష్మను తీసుకుని పెనుకొండ ఇంటికి తిరిగి వచ్చాను. ఎంత రాశావని వీరేష్ అడగలేదు. నేనూ అడగలేదు. వాన మాత్రం ఒకసారి గట్టిగా కురిసి, మర్నాటికే మళ్లీ ఎండ వచ్చేసింది.

జూన్ రెండో శుక్రవారం హాన్ సార్ నన్ను పిలిచాడు. అరవై మనకే వచ్చిందని చెప్పి చెయ్యి కలిపాడు. నేను తూముకుంట వాళ్లు ఎంత రాశారని అడిగాను. యాభై నాలుగు అన్నాడు.

ఆయన ఇంకా ఏదో చెప్తున్నాడు. యాభై రెండుకు ఎనిమిది మంది చాలని, ఒకరిని తగ్గించుకోవాలని, ఎవరన్నది సోమవారానికి చెప్పమని. బయట లైనులో అప్పటికే తెలిసిపోయి చప్పట్లు కొడుతున్నారు. గంగులమ్మ కూడా కొడుతోంది.

సోమవారం దాకా ఆగడం ఎందుకని నేనే ఆమెను పక్కకు పిలిచి, వెళ్లాల్సింది తనేనని చెప్పాను. ఆమె వాదించలేదు. తన వేలు సంగతి తనకు తెలుసనీ, నేను చేయగలిగింది చేశాననీ అంది. అదే నేను తట్టుకోలేకపోయాను. యాభై ఐదు వచ్చింది కదమ్మా మరి ఎట్లా తగ్గింది అని ఆమె అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. పొద్దున నా దగ్గర తీసుకున్న కత్తెర నా చేతిలో పెట్టి, తన కత్తెర సంచిలో వేసుకుని బుక్కపట్నం బస్సెక్కింది.

ఇంటికి వచ్చేసరికి వీరేష్ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. కొత్త లైను పెట్టడం లేదని తేలిపోయింది. అతన్ని స్టాప్‌వాచ్ పనిలోంచి తీసేసి గుడ్డల గోడౌనుకు మార్చారు. మా అత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. అతను నేల మీద కూర్చుని రేష్మ కొత్త పుస్తకాలకు అట్టలు వేస్తున్నాడు. నన్ను చూసి తల ఎత్తాడు.

"మీకే వచ్చినాదంట గదా, యాభై రెండుకు," అన్నాడు. మొహంలో కోపం లేదు. "చౌడక్క శానా కష్టపడింది. యాభై నాలుగు కన్నా దిగలే."

నేను చెప్పులు కూడా విప్పలేదు. చెప్పకుండా ఉండొచ్చు. మా లెక్క నిజంగానే యాభై రెండని అతను ఎప్పటికీ నమ్ముతాడు.

"మాది యాభై ఐదు వచ్చిండె," అన్నాను.

అట్ట మడతపెడుతున్న చేతులు ఆగాయి.

"యాభై రెండు ఎవురు రాసినారు?"

"నేనే."

చింతగింజలు చేటలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తర్వాత అతను మడతను బొటనవేలితో గట్టిగా నొక్కి అంటించాడు.

"నేనూ మొదట నలభై ఆరు రాసినా," అన్నాడు. "మా సారు పక్కనే నిలబడుకోని ఉండె. మళ్ల కొట్టేసినా."

"ఎందుకు?"

అతను ఆ ప్రశ్న అర్థం కానట్టు నావైపు చూశాడు.

"నువ్వు అడిగితివి గదా."

నేను అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. రేష్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంకో పుస్తకం తీసి అతని ముందుకు తోసింది.